ఎడారి వంతు

మా ఇంట్లో ముగ్గురం. ముగ్గురమూ వాతావరణం మీదే బతుకుతున్నాం. అయినా ఉన్న ఒక్క గొడుగుకీ పుల్ల విరిగి చాలా కాలమైంది, బాగు చేయించే దిక్కు లేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి తాను పోయి కుడితిలో పడ్డట్టు, పొద్దున వాన గురించి గొంతు చించుకుని చెప్పి, సాయంత్రం అదే వానలో తడిసి ముద్దయి ఇల్లు చేరిన రోజులు మాకు బోలెడు. వీధి చివర ఇస్త్రీ కొట్టతను మొదట్లో మమ్మల్ని చూసి నవ్వేవాడు. ఇప్పుడు అలవాటైపోయి నవ్వడం కూడా మానేశాడు.

రేడియో స్టేషను మేడ మీద ఒక పొడుగాటి గది మాది. కిటికీ పక్కన తీరం బల్ల, మధ్యలో కొండల బల్ల, బీరువా వెనక ఎడారి బల్ల. తీరం గురించి రాసేది కొత్తగా చేరిన ఒక పిల్ల. చలాకీది, గాలి కాస్త జోరుగా వీస్తే చాలు, కుర్చీలో కుదురుగా కూర్చోదు. కొండల గురించి రాసేది మా తమ్ముడు. వాడికి ఇంకా పెళ్లి కాలేదు, మాతోనే ఉంటాడు. ఎడారి గురించి రాసేది మా ఆయన. వాళ్లు ముగ్గురూ రాసిన కాగితాలు పట్టుకుని కింది అంతస్తుకి దిగి, అద్దాల గదిలో కూర్చుని, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చదివేది నేను.

నాకిచ్చే సమయం వార్తలకు ముందు కొద్ది నిమిషాలే. గడియారంలో ఎర్ర ముల్లు పైకి చేరిందంటే వార్తల సంగీతం మొదలైపోతుంది. నేను వాక్యం మధ్యలో ఉన్నా దానికి జాలి లేదు. అందుకని పనికొచ్చేది ముందు చదవాలి. తీరంలో గాలి ఎంత, అలలు ఎంత ఎత్తు, పడవలు వేటకు వెళ్లొచ్చా వద్దా. తర్వాత కొండలు. మంచు ఎంత పడుతుంది, కనుమదారి తెరిచి ఉంటుందా, బండి చక్రాలకు గొలుసులు కట్టుకోవాలా. అన్నిటికన్నా చివర ఎడారి. ఎడారికి మా ఆయన రాసేది ఒకటే వాక్యం: "ఎడారి ప్రాంతంలో మార్పు లేదు." ఏ రెండు మూడేళ్లకో ఒకసారి "వాగులు పొంగవచ్చు, లోతట్టున ఉన్నవారు మెరక మీదికి వెళ్లాలి" అని రాస్తారు. మిగతా రోజులన్నీ ఆ ఒక్క వాక్యమే. ఆఫీసులో ఆయన పేరే మార్పులేదు గారు. ముఖం మీదే అలా పిలుస్తారు, ఆయన పలుకుతారు కూడా.

పెళ్లయిన కొత్తలో ఒకసారి అడిగాను.

"రెండు మాటలు రాయడానికి రోజంతా ఏం చేస్తారండీ?"

"మార్పు లేదని తెలియాలంటే అన్నీ చూడాలి కదోయ్," అన్నారు.

నిజమే. ఎడారిలో వాగు రావడానికి ఎడారిలో వాన పడక్కర్లేదు. ఎక్కడో కొండల మీద ఒక మబ్బు గట్టిగా కురిస్తే చాలు. ఆ నీళ్లు రాళ్ల సందుల్లోంచి జారి జారి, ఇక్కడ ఎండ మండుతూండగానే, ఎండిపోయిన వాగులోకి ఒక్కసారిగా వచ్చి పడతాయి. మనుషులేమో ఆ వాగులోనే ఉంటారు. చెలమ తవ్వుకుంటే నీళ్లు ఊరేది అక్కడే, మేకలకు నాలుగు ఆకులు, మనిషికి కాస్త నీడ దొరికేదీ అక్కడే. అందుకని మా తమ్ముడి మబ్బుల్ని వాడికంటే ముందు మా ఆయన చూస్తారు. చూసి, లెక్క కట్టి, అనుమానం తీరక మళ్లీ చూసి, అప్పుడు ఆ వాక్యం రాసి, కాగితం నాలుగు మడతలు పెట్టి నా చేతికిస్తారు.

నేనూ దాన్ని ఏనాడూ వదల్లేదు. టైము చాలకపోతే చివరిది కోసెయ్యమనే ఉద్యోగంలో చేరిన రోజున నాకు చెప్పారు. కోస్తానా? తీరం పిల్లకి రాత మీద మోజెక్కువ. తుఫాను వస్తోందంటే చాలు, సముద్రుడికి ఉగ్రరూపం ఎత్తించి కాగితాలకు కాగితాలు నింపుతుంది. నేను గాలి వేగం, అలల ఎత్తు, హెచ్చరిక అక్షరం పొల్లు పోకుండా చదివి, ఉగ్రరూపాలన్నీ మింగేసి, మిగిలిన ఊపిరితో ఎడారి దగ్గరికి వచ్చి నెమ్మదిగా చదివేదాన్ని. "నా ఉగ్రరూపం ఏమైందక్కా" అని ఆ పిల్ల మూతి ముడిచేది. మొగుడి వాక్యం కాబట్టే వదలడం లేదని అందరూ అనుకునేవారు. అనుకుంటే అనుకోనీ, అది నిజమే.

ఇలా ఉండగా మాకు కొత్త మేనేజరు వచ్చాడు. చెడ్డవాడు కాడు. చిన్నవాడు, చురుకైనవాడు, ఎదుటివాళ్లు చెప్పేది శ్రద్ధగా వింటాడు. అదే చిక్కు, అలాంటివాడి మీద కోపం తెచ్చుకోవడం కష్టం. ఒకరోజు మా గదికి వచ్చి, ముగ్గురి కాగితాలూ వరసగా చదివి, ఎడారి దగ్గర ఆగాడు.

"సార్, ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. మార్పు ఉన్న రోజు తప్పకుండా చెబుదాం. లేని రోజున కూడా లేదని చెప్పడమెందుకు? ఆ టైము తీరానికిస్తే పడవలవాళ్లకి పనికొస్తుంది కదా."

మా ఆయన చేతిలో కాగితం మడతలు సరిచేసుకుంటున్నారు.

"పైగా మీ అనుభవమంతా ఒక్క వాక్యానికి పోతోంది సార్. తీరం బల్ల దగ్గరికి వచ్చేయండి. ఆ అమ్మాయికీ సాయంగా ఉంటుంది. మబ్బుల సంగతి ఎలాగూ చూస్తారు, అవసరమైతే అప్పుడు రాయొచ్చు."

మాట సబబుగా ఉంది. నాకు ఒళ్లు మండింది కూడా అందుకే. మా ఆయన వాదిస్తారేమోనని చూశాను. చెప్పాలంటే ఎన్ని లేవు. కానీ ఆయనకి ఒక గుణం ఉంది. తన పని గురించి తాను చెప్పుకోవడమంటే నలుగురిలో చొక్కా విప్పమన్నంత సిగ్గు.

"తీసెయ్యండి," అన్నారు. "ఎవరైనా అడిగితే మళ్లీ పెడదాం. ఒక్కరూ అడగకపోతే అది ఎవరికీ అక్కర్లేనట్టే. అప్పుడు నేను తీరం బల్లకి వస్తాను."

"ఆపేస్తున్నామని శ్రోతలకి ఒక ముక్క చెబుదామా సార్?"

"వద్దు. చెబితే మర్యాదకి అడుగుతారు. చెప్పకుండానే చూద్దాం."

ఆ సాయంత్రం వంటింట్లో కూరగాయల కంటే ఎక్కువగా నేను ఆయన్నే తరిగాను.

"అడగందే అమ్మైనా పెట్టదంటారు. మీరు మాత్రం నోరు విప్పరు, ఊళ్లోవాళ్లు వచ్చి అడగాలి. అడక్కపోతే బుద్ధిగా లేచి వెళ్లి తీరం ఒడ్డున కూర్చుంటారు."

"నీకెందుకోయ్ అంత కోపం? అది పెద్ద బల్ల. కిటికీ కూడా ఉంది."

"మీకు కిటికీ ఎప్పుడు కావాల్సొచ్చింది?"

మా తమ్ముడు కంచం ముందు కూర్చుని మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"అక్కా, బావకి లోపల ధీమా. రేపటి నుంచి ఫోన్లు మోగిపోతాయని," అన్నాడు.

మా ఆయన చెవులు ఎర్రబడ్డాయి. పాపం, ఆయన నిజంగానే మోగుతాయనుకున్నారు.

మర్నాడు కొండల దాకా చదివి ఆపేశాను. ఆపడమంటే చెప్పినంత తేలిక కాదు. ఏళ్ల తరబడి అలవాటైన నోరు, ఆ వాక్యం కోసం దానంతటదే తెరుచుకుంది. పెదవులు బిగబట్టుకుని కూర్చున్నాను. సంగీతం వచ్చింది. మెట్లెక్కి పైకి వెళ్లేసరికి మా ఆయన ఫోను తన బల్ల మీదికి జరుపుకుని ఉన్నారు.

ఫోను మోగింది. అదేం పాపమో, ఆ రోజుల్లో మోగినంతగా అది ఎప్పుడూ మోగలేదు. పడవ యజమాని ఒకాయన అలల గురించి అడిగాడు. కొత్తగా పెళ్లయిన జంట మంచు చూడ్డానికి ఎప్పుడెళ్తే బాగుంటుందని అడిగింది. ఒకావిడ దుప్పట్లు ఉతకొచ్చా అని అడిగింది. ఒకాయన వాతావరణం తర్వాత వచ్చే సంగీతం ఎవరు వాయించారని అడిగాడు. మా ఆయన అందరికీ ఓపిగ్గా జవాబు చెప్పారు. ఎడారి అన్న మాట మాత్రం ఒక్కరి నోటా రాలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆయన ఆ ఫోను పక్కనే ఉండేవారు, టీ తాగడానికి కూడా లేచేవారు కాదు.

చూడలేక మా తమ్ముడు ఒక ఎత్తు వేశాడు. వరండాలో ఉన్న ఫోను దగ్గరికి వెళ్లి, ముక్కు పట్టుకుని, గొంతు మార్చి పైకి ఫోను చేశాడు. నేను పక్కనే ఉన్నాను.

"అయ్యా, ఎడారి నుంచి మాట్లాడుతున్నామండీ. మేకలు కాసుకునేవాణ్ని. మా వాక్యం ఏమైపోయిందండీ? అది లేక మాకు ముద్ద దిగట్లేదు."

"అలాగా. ఎండ ఎలా ఉంది బాబూ అక్కడ?" అని మా ఆయన గొంతు వినపడింది.

"మాడిపోతున్నామండీ," అంటూనే వీడు పెద్దగా తుమ్మాడు. కొండల బల్ల దగ్గర చేరిన నాటి నుంచీ వాడికి జలుబు వదల్లేదు.

"మాత్ర నా సొరుగులో ఉంది. వచ్చి తీసుకో బావమరిదీ," అని మా ఆయన ఫోను పెట్టేశారు.

నవ్వుకున్నాం. కానీ ఆ సాయంత్రం ఇంటి మెట్ల మీద కూర్చుని ఆయన అన్న మాటకి నాకు నవ్వు రాలేదు.

"ఇన్నేళ్లూ నేను ఎవరికి రాశానంటావు?"

కోపంగా ఏదో అనబోయి ఆయన ముఖం చూసి ఆగాను. ఆయన నన్ను అడగడం లేదు, నిజంగా తెలియక అంటున్నారు. ఉద్యోగం ఎక్కడికీ పోలేదు, జీతం తగ్గలేదు. ఆయనకి పోయిందల్లా ఒక నమ్మకం, అటువైపు ఎవరో ఉన్నారన్న నమ్మకం. అది లేకుండా ఆయన ఏ బల్ల దగ్గర కూర్చున్నా ఒకటే.

"నాకు రాశారు," అన్నాను. "రోజుకి రెండుసార్లు, నాలుగు మడతలు పెట్టి, పెళ్లానికి ఉత్తరం రాసే మొగుడు ఈ వీధిలో ఇంకెవరికైనా ఉన్నాడేమో కనుక్కోండి."

ఆయన నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. నాకు ఆయన మీద అంతకు ముందెన్నడూ పుట్టనంత ప్రేమ ఆ మెట్ల మీద పుట్టింది, దాంతో పాటే ఆ ఎడారిలో ఉన్న ప్రతి ఒక్కరి మీదా కోపం వచ్చింది. ఒక్క ఫోను. ఇన్నేళ్లుగా విన్నవాళ్లు ఒక్క ఫోను చెయ్యలేరా అనుకున్నాను.

మరుసటి రోజు పొద్దున ఆయన సామాను సర్దుకున్నారు. సామానంటే ఏముంది, కళ్లజోడు పెట్టె, కుర్చీలో వేసుకునే దిండు, రెండు పెన్సిళ్లు. తీరం పిల్ల తన బల్లలో సగం ఖాళీ చేసి, తడిగుడ్డతో తుడిచి, ఆయన దిండు చూడగానే ఏడుపు మొదలుపెట్టింది. మేనేజరు కూడా వచ్చి, కిటికీ తలుపు బిగించి చూస్తున్నాడు. అప్పుడు ఫోను మోగింది. ముక్కు తుడుచుకుంటూ ఆ పిల్లే తీసింది.

"ఎడారి నుంచట," అంది.

అందరం మా తమ్ముడి వైపు చూశాం. వాడు రెండు చేతులూ పైకెత్తాడు.

"ఇక్కడే ఉన్నాను కదా. నేను కాదు."

మా ఆయన ఫోను అందుకున్నారు. ఆగలేక నేను కూడా నా చెవి ఆయన చెవికి ఆనించాను. ఆడగొంతు, రొప్పుతూ మాట్లాడుతోంది.

"రేడియో ఆఫీసేనా అండీ? నేను లారీలు ఆగే మజిలీ దగ్గర టీ కొట్టు నడుపుతాను. వాగు ఎప్పుడొస్తుందో కాస్త చెబుతారా? ఇంకా ఎన్నాళ్లని పైన కూర్చోవాలి?"

"ఏ వాగమ్మా?"

"ఏ వాగేంటయ్యా, మీరు చెప్పిందే."

"మేమేం చెప్పలేదే."

"అదే కదా నేనంటున్నది. చెప్పలేదుగా. రోజూ మార్పు లేదనే ఆవిడ ఆవేళ కొండల దాకా చదివి ఆపేసింది. మార్పు లేదని అనలేదంటే మార్పు ఉన్నట్టేగా. పాపం ఆ తల్లికి చెప్పడానికి నోరు రాలేదేమో, ఎంత పెద్ద వాగో ఏమోనని, పిల్లలు, మేకలు, మంచాలు, అన్నీ ఎత్తుకుని రాళ్లగుట్ట ఎక్కేశాం. లారీలవాళ్లు కూడా ఎక్కడివాళ్లు అక్కడ ఆపేసుకున్నారు."

మా ఆయన కుర్చీ కోసం చేత్తో తడుముకున్నారు. మేనేజరు గబగబా ఒకటి జరిపాడు.

"మరి మాకు ఫోను చెయ్యకపోయావా అమ్మా?"

"ఎలా చేస్తాను? ఫోను కూడా పీక్కుని పైకి పట్టుకెళ్లాను. ఖరీదైన వస్తువు, వాగులో వదిలేస్తామా? తీరా పైకెళ్తే తీగ లేదు. ఇవాళ అందరూ వద్దంటున్నా చంకలో పెట్టుకుని దిగొచ్చి తగిలించాను. పైన నీడ లేదండీ. నీళ్లకి ఒకరు కాపలా ఉంటే ఇంకొకరు చెలమ దగ్గరికి పరిగెత్తుతున్నాం. మా మామగారికి ఎండదెబ్బ తగిలి నిన్నటి నుంచి లేవట్లేదు. ఇంకెంతసేపో చెబితే ఓర్చుకుంటాం."

ఎవరూ అడగలేదని ఇక్కడ మేం బాధపడుతున్నాం. వాళ్లు అడగనిది వినక కాదు, విన్నందుకే. చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు, మా గదిలో ఉన్న అందరికీ ఆ సామెత ఒకేసారి గుర్తొచ్చి ఉంటుంది. మా ఆయన ఫోను రెండు చేతులతో పట్టుకున్నారు.

"అమ్మా, వాగు రాదు," అన్నారు. "కొండల మీద మబ్బే లేదు, పొద్దున కూడా చూశాను. రోజూ రాసేది నేనే. మీరందరూ దిగి రండి."

"రాదా? ఉండండి, చెప్పి వస్తాను."

ఫోను కింద పెట్టిన చప్పుడు. దూరంగా ఆవిడ కేకలు, ఇంకా పై నుంచి జవాబు కేకలు, మేకల అరుపులు. తిరిగొచ్చింది.

"దిగరటండీ. ఫోనులో ఎవరో చెబితే దిగిపోతామా, రేడియోలో చెప్పాలి అంటున్నారు. పైన రేడియో ఉంది."

మేనేజరు అప్పటికే తలుపు దగ్గరున్నాడు. "పదండి సార్. పాటలు ఆపిస్తాను," అన్నాడు. ఆ క్షణంలో వాడి మీద నాకున్న కోపం సగం పోయింది. నేను కొంగు సర్దుకుని బయల్దేరబోతుంటే మా ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"పంతం నాది. క్షమించమని నేనే చెప్పాలి."

మైకంటే ఆయనకి భయం. నలుగురు చుట్టాలొస్తేనే నా వెనక నిలబడే మనిషి. అద్దాల గదిలో నా కుర్చీలో కూర్చుని, మైకుకి మరీ దగ్గరగా వంగి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒళ్లో పెట్టుకుని మాట్లాడారు.

"ఎడారిలో ఉన్న అందరికీ నమస్కారం. మీకు రోజూ రాసేవాణ్ని నేను. ఈ మధ్య రాయలేదు. మీరు వింటున్నారో లేదో తెలుసుకోవాలన్న పంతం కొద్దీ ఆపాను. అది తప్పు. పెద్దవాళ్లని, పిల్లల్ని ఎండలో కూర్చోబెట్టాను. వాగు రాదు. మార్పు లేదు. దయచేసి దిగి రండి. నన్ను క్షమించండి."

చివరి మాట దగ్గర గొంతు పట్టేసింది. అద్దం ఇవతల నిలబడి నేను ఏడ్చాను. పెళ్లయ్యాక ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడగా వినడం అదే మొదలు. మా తమ్ముడు మెట్ల మీద నుంచి దూకినంత పని చేసి వచ్చాడు. పైన ఫోను పట్టుకుని ఉన్నది వాడే.

"దిగరట బావా. ఎవరో మగాయన ఏడుపు గొంతుతో మాట్లాడాడు, ఏదో పెద్ద ఘోరమే జరగబోతోంది, ఇంకాస్త పైకి ఎక్కుదామా అంటున్నారట."

మా ఆయన నా వైపు చూశారు.

"రోజూ చదివే ఆవిడ చదవాలట అక్కా. అది కూడా మామూలుగా చదవాలట, మొదటి నుంచి. తీరం, కొండలు అన్నీ అయ్యాక."

ఆయన్ని లేపి నేను కూర్చున్నాను. తీరం పిల్ల పరుగెత్తి కాగితాలు తెచ్చింది. రోజూ ఎలా చదువుతానో అలాగే మొదలుపెట్టాను. గాలి వేగం, అలల ఎత్తు. లోపల గుండె కొట్టుకుంటూంటే గొంతులో ఆ వణుకు రానివ్వకుండా చదవడం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. ఒక్క ఉగ్రరూపం ఉంటే దాన్ని కూడా మింగకుండా చదివేశాను. కనుమదారి తెరిచి ఉంటుందన్నాను. ఒక్క క్షణం ఆగి, ఎడారి ప్రాంతంలో మార్పు లేదన్నాను.

అందరం పైకి వెళ్లేసరికి ఫోనులో మనిషి లేదు, చప్పుళ్లు మాత్రం ఉన్నాయి. మేకల మెడల్లో గంటలు ముందు ఎక్కడో, తర్వాత కాస్త దగ్గరగా, ఆ తర్వాత కొట్టు ముందు నుంచే వినిపించాయి. మంచాలు రాళ్లకి తగిలిన మోత, పిల్లల కేరింతలు. మా ఆయన ఆ ఫోను ఎవరికీ ఇవ్వలేదు. కళ్లు మూసుకుని వింటూ కూర్చున్నారు. చివరికి ఆవిడ వచ్చింది.

"దిగారండీ. మామగారిని మంచంతో సహా దించారు. కడుపునిండా నీళ్లు తాగి లేచి కూర్చున్నాడు. తిట్లు మొదలుపెట్టాడు, ఇంక భయం లేదు."

"ఎవర్ని తిడుతున్నారు?"

"ఇంకెవర్ని, మిమ్మల్నే. అయితే అన్నయ్యా, రోజూ రాసేది మీరేనా? ఆవిడే చూసి చెబుతుందనుకున్నాం ఇన్నాళ్లూ."

"నేనేనమ్మా."

"మా పిల్లలిద్దరూ ఈ వాగులోనే పుట్టారు. మీ మాట విన్నాకే వాళ్లని పడుకోబెడతాను. ఇంకెప్పుడూ ఇలా చెయ్యకండి అన్నయ్యా."

చెయ్యనన్నారు. ఫోను పెట్టేసి, దిండు తీసుకుని, బీరువా వెనక్కి వెళ్లిపోయారు. మేనేజరు ఎవరూ చెప్పకుండానే కళ్లజోడు పెట్టె, పెన్సిళ్లు తీసుకెళ్లి ఆ బల్ల మీద పెట్టి వచ్చాడు.

ఇక అంతా సర్దుకున్నట్టే అనుకున్నాను. ఆ సాయంత్రం చదివే వేళ దగ్గర పడింది. తీరం కాగితం వచ్చింది, కొండలది వచ్చింది, ఎడారిది రాలేదు. మెట్లెక్కి వెళ్లి చూద్దును కదా, మా ఆయన పెన్సిలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. ముందున్న కాగితం తెల్లగా ఉంది.

"ఏమైందండీ? మబ్బులేమైనా ఉన్నాయా?"

"లేవు."

"అన్నీ చూశారా?"

"మూడుసార్లు చూశాను. మీ తమ్ముణ్ని కూడా చూడమన్నాను."

"మరి?"

"ఎవరూ వినడం లేదేమోనన్న అనుమానం లోపల ఉండేదోయ్. అందుకే ఇన్నేళ్లూ చెయ్యి వణక్కుండా రాశాను. ఇప్పుడు ఆవిడ పిల్లల్ని పడుకోబెట్టడానికి నా మాట కోసం కూర్చుని ఉంటుంది."

కోరుకున్నది దొరికితే మనిషికి ఇంత భయం వేస్తుందని నాకు తెలియదు. పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుని, పెన్సిలు పట్టుకున్న ఆయన చేతి మీద నా చెయ్యి వేశాను.

"మబ్బుల్లేవని తెలుసు కదా. రాయండి. చదివేది నేను. ఏదైనా తేడా వస్తే ఆ మామగారి చేత ఇద్దరం కలిసే తిట్లు తిందాం."

ఆయన రాశారు. ఆ కాగితం తీసుకుని మెట్లు దిగాను. ఆ వాక్యం చదవడానికి నాకు ఏనాడూ కాగితం అక్కర్లేకపోయింది. ఆ సాయంత్రం మాత్రం కొండలు ముగించి, కాగితం దీపం కిందికి జరుపుకుని, ఒకటో తరగతి పిల్లలా అక్షరం అక్షరం కింద వేలు పెట్టుకుని చదివాను.